ప్రభుదాసు గిటారులో రొద

నేను ఒక హంబకర్ పికప్‌ని. గిటారు తీగల కింద కూర్చుని, వాటి కదలికను పట్టి స్పీకరుకు అందించడం నా ఉద్యోగం. ఏదో ఊళ్లో ఒకావిడ తలవెంట్రుక కన్నా సన్నని రాగితీగతో నాకు రెండు చుట్టలు చుట్టింది, ఒకదానికొకటి ఎదురుగా. కరెంటు రొద లోపలికొస్తే రెండు చుట్టలూ కలిసి దాన్ని మింగేస్తాయి. మనుషులకు నేను నచ్చేది అందుకే. రొద పోతే చాలు వాళ్లకి, దాని వెంట ఇంకేం పోతుందో చూడరు.

నన్ను కొన్నవాడు గుంటూరు ప్రభుదాసు. ఇరవై రెండేళ్లుగా చర్చిలో గిటారు వాయిస్తున్నాడు. భార్య కరుణమ్మ పాడుతుంది. అతని గిటారు సన్నగా గంటలా మోగితే, ఆ స్వరం అందుకుని ఆమె పాట ఎత్తుకునేది. కానీ పాట ఆగి ప్రార్థన మొదలైతే ఆ గిటారు జుయ్యిమనడం అందరికీ వినపడేది.

"ఆ రొద ఆపండి ప్రభుదాసు గారూ. లేదంటే క్రిస్మస్ నుంచి కీబోర్డు పెట్టుకుంటాం" అని పాస్టరుగారు చెప్పేశారు.

రిపేర్లు చేసే మస్తాన్ వలి బల్ల మీద మేం రెండు పికప్‌లం ఉన్నాం. రెండోదీ రొదను మింగేదే, కాకపోతే తక్కువ చుట్లది; నేను దట్టంగా చుట్టిన బలమైనదాన్ని.

"అన్నా, నీ గిటారుది తేలిక చెక్క, సన్న గొంతు. దానికి ఈ తక్కువ చుట్లదే సరిపోద్ది. రెండూ ఒకదాని తర్వాత ఒకటి బిగిస్తా, ఇని తీసుకో."

"ఇనేదేముంది మస్తానూ? బలమైంది పెట్టు. రొద అనే మాట మళ్లీ ఇనపడగూడదు."

గిటారు గొంతు చూసి ఎంచుకోవలసినవాడు పాస్టరు మీద కోపంతో నన్ను ఎంచుకున్నాడు. గిటారులో ఉన్న పాత పికప్‌ను కసిగా తనే పీకాడు. దాని లోపలి తీగ తెగింది.

ఆదివారం ప్రార్థనలో చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. ప్రభుదాసు ఛాతీ విరుచుకుని కూర్చున్నాడు. తర్వాత పాట మొదలైంది. నాది బొంగురు గొంతు. కరుణమ్మ ఎత్తుకుంది, ఆగింది, మళ్లీ తప్పు స్వరంలో ఎత్తుకుంది. ముందు వరసలో ఎవరో నవ్వారు. నాకు సిగ్గేసింది.

"ఇయ్యాల నీ గిటారు నన్ను పిలవలేదయ్యా" అంది ఆమె ఇంటికెళ్లాక. మళ్లీ చర్చిలో పాడలేదు.

ప్రభుదాసు పాత పికప్ పట్టుకుని మస్తాన్ దగ్గరికి పరుగెత్తాడు.

"ఆ తక్కువ చుట్లది అమ్ముడుపోయింది. దీన్ని చుట్టమంటే మళ్లీ చుడతా. ఆ గొంతు మాత్రం రాదన్నా" అన్నాడు మస్తాన్.

రొద పోయినా పాట నిలబడలేదని క్రిస్మస్‌కు కీబోర్డు వచ్చింది. నేను గిటారుతో పాటు ప్రభుదాసు అటక ఎక్కాను. కొత్త కీబోర్డు పక్కన వెలుతురు చాలడం లేదని పాస్టరుగారు ఇన్నాళ్లూ ప్రభుదాసు తల మీద వెలిగిన పాత ట్యూబులైటు తీయించి కొత్తది పెట్టించారట. ఇన్నేళ్లూ ఆ గిటారులోకి రొద దూరింది ఆ పాత లైటును వెలిగించే చోక్ నుంచే.