సిలిండర్ కట్టెయ్యమన్నాడు

నేను ఒక రెగ్యులేటర్‌ని. ఆగండాగండి, మీ వంటింట్లో గ్యాస్ బండ నెత్తిన కూర్చుని ఉంటుందే, అది కాదు. అది నాకు వరసకి చెల్లెలు. దాని పని పొయ్యికి గ్యాస్ అందించడం, నా పని మనిషికి గాలి అందించడం. సముద్రం అడుగుకి దిగేవాళ్లు వీపున గాలి సిలిండర్ మోస్తారు కదా, దాని మెడకి నా ఒక కొస బిగిస్తారు, రెండో కొసని నోట్లో కరిచి పట్టుకుంటారు. పీలిస్తే ఇస్తాను, మానితే ఊరుకుంటాను. అంతకుమించి నాకేమీ రాదు. మాట అసలే రాదు, నా ఏడుపంతా దాని గురించే.

ఎక్కడో చలిదేశపు ఫ్యాక్టరీలో పుట్టాను. ఇత్తడి ఒళ్లు, రబ్బరు గొట్టం, మెత్తటి నోరు. మొదట విశాఖ రేవులో ఓడల అడుగున నాచు గీకే డైవర్ ఒకాయన నన్ను కొన్నాడు. పొద్దస్తమానం చుట్ట కాల్చి, ఆ కంపుతోనే నన్ను నోట్లో పెట్టుకునేవాడు. పైన ఊరికే దొరికే గాలిని పొగతో పాడుచేసుకునే మనిషి, కింద నా గాలి మాత్రం శుభ్రంగా ఉండాలని గొణిగేవాడు. ఊపిరితిత్తులు మొరాయించాక నన్ను రుషికొండ దగ్గర ఓ డైవింగ్ షాపుకి అమ్మేసి చక్కా పోయాడు.

అక్కడ పోలిరాజు చేతిలో పడ్డాను. జాలరి ఇంటి బిడ్డ. కొత్తవాళ్లకి నీళ్లలో దిగడం నేర్పి, సముద్రం అడుగు చూపించి తీసుకొచ్చేవాడు. పనయ్యాక నన్ను మంచినీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, "పడుకోవే తల్లీ" అని మేకుకి తగిలించేవాడు. నాతో మాట్లాడినవాడు అతనొక్కడే. అతనంటే నాకు ప్రాణం.

ఒక రోజు విజయనగరం నుంచి విమలాక్షి అనే ఆవిడ వచ్చింది. కర్రీ పాయింట్ నడుపుతుందట. నీళ్లంటే వణుకు, అయినా పట్టుదల.

"జన్మంతా చేపల్ని పులుసులోనే చూశాను బాబూ. ఒక్కసారి బతికున్నవాట్ని చూద్దామని వచ్చాను" అంది.

పోలిరాజు పడీపడీ నవ్వాడు. "సూద్దురుగాని అమ్మా. బయపడకండి, నానున్నాను కదేటి. మీ సెయ్యి వదల్ను."

బోటు సముద్రం లోపలికి వెళ్లింది. ఆవిడ సామానంతా పోలిరాజే బిగించి, సరిచూశాడు. తర్వాత తన సిలిండర్ తెరిచి, నన్ను నోట్లో పెట్టుకుని నాలుగు గుక్కలు పీల్చి, సరే అనుకున్నాడు. అంతలో అల తగిలి బోటు ఊగింది. వీపున సిలిండర్‌ని పట్టి ఉంచే పట్టీ కాస్తా సడలింది. అది అతని చేతికి అందదు. బోటు నడిపే సింహాచలం ముందువైపు లంగరు తాడుతో కుస్తీ పడుతున్నాడు. పోలిరాజు తల తిప్పకుండానే అన్నాడు.

"అమ్మా, ఎనకాల సిలిండర్ కొంచెం కట్టెయ్యండి."

పోలిరాజు పుట్టి పెరిగింది తాళ్ల మధ్య. కట్టెయ్యడమంటే అతనికి పట్టీ లాగి బిగించి కట్టడం. విమలాక్షి బతుకంతా పొయ్యిల మధ్య. సిలిండర్ కట్టెయ్యడమంటే ఆవిడకి ఒకటే అర్థం, గ్యాస్ ఆపెయ్యడం. రోజూ కొట్లో పనివాళ్ల మీద అరిచే మాటే అది. మరో ఆలోచన లేకుండా చెయ్యి చాచి, నా పక్కనున్న సిలిండర్ మరని కుడివైపుకి తిప్పేసింది. అయ్యో తల్లీ, అది కాదే! అని అరుద్దామంటే నాకు నోరుంది గానీ మాట లేదు.

"కట్టేశాను బాబూ."

"గట్టిగా కట్టారా?"

"గట్టిగానే. ఈ పనిలో నాకెవరూ వంక పెట్టలేరు."

తడి చేతికి మర జారి, వెంట్రుకంత సందు మిగిలిపోయింది. అదే కొంప ముంచింది. పూర్తిగా మూసుకుపోయి ఉంటే నీటి పైనే తెలిసిపోయేది. ఆ కాస్త గాలీ పైపైన సరిపోయింది. లోతుకి వెళ్లేకొద్దీ ఒక్కో ఊపిరికి ఎక్కువ గాలి కావాలి.

అడుగున రాళ్ల చుట్టూ పసుపు చారల చేపలు గుంపుగా తిరుగుతున్నాయి. విమలాక్షి వాటికి రెండు చేతులూ జోడించి దండం పెట్టింది. సరిగ్గా అప్పుడే పోలిరాజు గట్టిగా పీల్చాడు. నా దగ్గర లేదు. మళ్లీ పీల్చాడు. నేనెక్కడినుంచి తెచ్చేది?

అతనికి అర్థమైంది. మర కోసం చెయ్యి వెనక్కి చాచాడు. సడలిన పట్టీలోంచి సిలిండర్ కిందికి జారిపోయి ఉంది, మర అందలేదు. ఇక మిగిలింది విమలాక్షి ఛాతీ మీద వేలాడే పసుపురంగు గొట్టం, ఇలాంటి ఆపద కోసమే అది. గాలి లేదని సైగ చేసి దాన్ని అందుకోబోయాడు. ఒడ్డున నేర్పిందంతా ఆవిడ మరిచిపోయింది. మీదికి వస్తున్న మనిషిని చూసి బెదిరిపోయి, కాళ్లతో తన్ని, గింజుకుంది. ఆ గింజులాటలో పసుపు గొట్టం వీపు వెనక్కి పోయి చిక్కుకుంది, ఆవిడ నోట్లోదీ జారిపోయింది.

ఆ క్షణంలో అతను దాన్ని తన నోట్లో పెట్టుకుని ఉంటే బతికేవాడు. ఆవిడ నోట్లోనే పెట్టాడు. ఆవిడ పీల్చేదాకా అదిమి పట్టుకున్నాడు. ఒక్కసారిగా పైకి పోతే కొత్తవాళ్ల ఊపిరితిత్తులు పగులుతాయి కనక, చెయ్యి వదలకుండా నిదానంగా పైకి తీసుకెళ్లాడు. వెలుతురు కనపడే వేళకి నన్ను కరిచిపట్టిన పళ్లు సడలాయి.

సింహాచలం ఇద్దరినీ పైకి లాగాడు. పోలిరాజు వీపు మీంచి సామాను ఊడదీస్తూ, అలవాటు కొద్దీ మరని పూర్తిగా మూసేశాడు. జరిగిందేమిటో చెప్పే ఒకే ఒక్క ఆనవాలు అలా పోయింది.

"సిలిండర్ నిండా గాలుంది. మనిషికి అందలేదంటే రెగ్యులేటరే చెడింది. దాన్ని చూసుకోవాల్సింది పోలిరాజే కదా" అని షాపు యజమాని తేల్చేశాడు. వాడలో అందరూ అదే మాట అన్నారు. తన వస్తువు తను చూసుకోలేక చచ్చాడట! రోజూ నాకు స్నానం చేయించిన మనిషిని పట్టుకుని అనే మాటేనా అది? ఒళ్లు మండిపోయింది నాకు.

దినాలు అయిపోయాక విమలాక్షి షాపుకి వచ్చింది, పోలిరాజు భార్య ఇల్లు ఎక్కడో అడగడానికి. నేను గుమ్మం పక్క మేకుకి వేలాడుతున్నాను. బయట సింహాచలం ఇంకో డైవర్ మీద అరిచాడు. "ఒరే, సిలిండర్ జారిపోతంది, కట్టెయ్ రా!"

ఆ డైవర్ పట్టీ లాగి బిగించాడు. విమలాక్షి చూసింది. "కట్టెయ్యడమంటే... అదా?" అంటూ ఇసకలో కూలబడింది. ఆ మొహం పగవాళ్లకి కూడా వద్దు.

నోరు మూసుకుని విజయనగరం బస్సెక్కితే అడిగేవాడు లేడు. ఆవిడ ఎక్కలేదు. నన్ను ఇమ్మని అడిగితే, "ఆ దరిద్రాన్ని పట్టుకుపోండి" అన్నాడు యజమాని. సంచీలో వేసుకుని పోలిరాజు భార్య దేముడమ్మ ఇంటికి తీసుకెళ్లింది. దేముడమ్మ పొయ్యి దగ్గరుంది, అన్నం ఉడుకుతోంది.

"నీ పెనిమిటి తప్పేం లేదమ్మా. ఈ రెగ్యులేటరూ చెడలేదు. సిలిండర్ కట్టెయ్యమన్నాడు. నేను ఆపేశాను. నేనే ఆపేశాను" అంది విమలాక్షి. తలెత్తలేకపోయింది.

అన్నం పొంగుతుంటే దేముడమ్మ లేచి, వంగి, బండ కట్టేసింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"నాతో అన్నా, నానూ అదే సేద్దునమ్మా" అంది. అప్పుడు ఏడ్చింది. ఇద్దరూ ఏడ్చారు.

ఇప్పుడు నేను ఆ వంటింట్లోనే మేకుకి ఉన్నాను, సరిగ్గా మా చెల్లెలి పైన. వంటయ్యాక దేముడమ్మ బండ కట్టేస్తుంది. కట్టేసి నా వైపు చూస్తుంది. మళ్లీ మర తిప్పి తెరుస్తుంది. ఒక్క ఊపిరి తీసుకునేంతసేపు అలా ఉంచి, అప్పుడు కట్టేస్తుంది.