యూరిక్ గారింటి పైపు కాలు

నా గ్యాసు పైపులకి కాళ్ళు మరీ పొడుగని ఊరంతా నవ్వుతుంది. నవ్వుకోనీ, నాకేం.

కాలంటే ఏమిటో చెప్పాలి కదా. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసుకి వచ్చే గ్యాసు పైపు పైనుంచి తిన్నగా దిగి, మూడు నోళ్ళున్న టీ ముక్క దగ్గర పక్కకి మళ్ళి లోపలికి పోవాలి. గ్యాసు మళ్ళుతుంది. దాంతోపాటు కొట్టుకొచ్చే తుప్పూ, ఇసకా, ఇనప రజనూ మళ్ళలేవు. బరువు కాబట్టి తిన్నగా కిందికే పడతాయి. అవి పడడానికి టీ కింద చిన్న పైపు ముక్క వేలాడదీసి, అడుగున మూత బిగిస్తాం. అదే కాలు. మూడంగుళాలుంటే చాలంటుంది రూలు. నేను అడుగుకి తక్కువ పెట్టను.

"ఏం లెన్, ఇవాళ కూడా అడుగు ముక్కేనా? వాటికి మేజోళ్ళు కూడా అమ్మమంటావా ఏంటి?" అంటాడు పైపుల కొట్లో క్లెమ్, నేను వెళ్ళినప్పుడల్లా.

"నోర్మూసుకుని ముక్క కొయ్యవోయ్," అంటాను.

ఎందుకలా పెడతానని ఒక్కడూ అడగలేదు. అడిగినా చెప్పే మొహమా నాది!

ఇరవై నాలుగేళ్ళప్పుడు చేతికి లైసెన్సు వచ్చింది. ఆ ఏడు, అంటే డెబ్భై ఎనిమిదిలో, చలి ఇంకా దిగకముందు స్ప్రింగ్ వీధిలో ఎమిల్ యూరిక్ ఇంట్లో ఫర్నేసు బిగించాను. ఎమిల్ నది ఒడ్డున కమ్మరి మిల్లులో ఆవిరి సుత్తి దగ్గర ఇరవై ఏళ్ళు చేసినవాడు. ఆ అదురుకి ఇంట్లో కూర్చున్నా చేతులు వణికేవి. పొగకి ముక్కు పనిచేసేది కాదు. నేను పని చేస్తున్నంతసేపూ పక్కనే నిలబడి, "ఇది కూడా తిను బాబూ, సిగ్గుపడకు," అంటూ వాళ్ళావిడ చేసిన అక్రోట్ల రొట్టె ముక్కలు నా చేతిలో పెడుతూనే ఉన్నాడు.

ఆ తరవాతి ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున ఆరూ పదికి, ఫర్నేసులో ఎప్పుడూ వెలుగుతూ ఉండాల్సిన చిన్న మంట ఆరిపోతే వెలిగించడానికి నేలమాళిగలోకి దిగి అగ్గిపుల్ల గీశాడు. పేలుడు వీధి చివరిదాకా వినబడింది. ఇల్లు నిలబడింది. ఎమిల్ నిలబడలేదు.

విచారణకి వచ్చినవాళ్ళకి గోడ బల్లమీద వరసగా బీరు సీసాలు కనిపించాయి. చేతులు వణికే మనిషి, సీసాలు, అగ్గిపుల్ల. ఇంకేం, తాగి గీశాడన్నారు. మర్యాదకోసం నన్ను కూడా పిలిచి అడిగారు. "పైపుకి కాలు ఉందా?"

"ఉంది," అన్నాను.

అబద్ధం కాదు. ఉంది. పొగగొట్టం పక్కన మసిలో వేలాడుతూ అందరికీ కనిపిస్తోంది కూడా. అంతకుముందు పరీక్షకి వచ్చిన అధికారి దాన్ని చూసే అంతా బాగుందని పచ్చచీటీ కట్టి పోయాడు. వేలాడుతోందా లేదా అన్నదే అందరూ చూస్తారు. గ్యాసు ఎటునుంచి వస్తోందో ఎవడు చూస్తాడు?

ఎనిమిదేళ్ళ తరవాత లైసెన్సు పొడిగించుకోవడానికి క్లాసులో కూర్చున్నాను. మాస్టారు నల్లబల్లమీద ఒక టీ గీశాడు. గ్యాసు ఎడమనుంచి వచ్చి తిన్నగా కుడికి పోతోంది, కాలు కింద ఊరికే వేలాడుతోంది. "మళ్ళే చోటే లేకపోతే మురికి ఎందుకు పడుతుందయ్యా? కాలు మీదుగా ఈలేసుకుంటూ పోతుంది. ఈ అలంకారం మీలో ఎంతమంది వేలాడదీశారు?" అన్నాడు. క్లాసంతా గొల్లున నవ్వింది. యూరిక్ గారి నేలమాళిగలో పొగగొట్టం పక్కన రాతి స్తంభం ఒకటుంది. పైపు పైనుంచి దింపడానికి అది అడ్డమొచ్చింది. అందుకని అడ్డంగా తెచ్చాననే జ్ఞాపకం. జ్ఞాపకమే, రూఢిగా తెలీదు. చూసి రూఢి చేసుకోవచ్చు కదా? చేసుకోలేదు. ఆనాటినుంచి స్ప్రింగ్ వీధిలోకి బండి తిప్పలేదు. పక్క వీధిలోంచి చుట్టూ తిరిగి పోయేవాణ్ణి. ఎమిల్ భార్య ఇర్మా చర్చిలో శుక్రవారం విందప్పుడు మెట్లమీద ఎదురైతే చేపల పళ్ళెం చేత్తో పట్టుకుని తల వంచుకునేవాణ్ణి. తాగుబోతు పెళ్ళామని ఆవిడ పక్కన కూర్చోడానికి ఆడవాళ్ళు జంకడం చూసేవాణ్ణి. చూసి, ఇంకెవరింటికో వెళ్ళి, అడుగు పొడుగు కాలు పెట్టేవాణ్ణి.

మొన్న నవంబరులో ఫోనొచ్చింది.

"లెన్ హుడాక్ గారాండీ? నేను బెర్నడెట్‌ని, ఎమిల్ యూరిక్ గారమ్మాయిని. అమ్మ పోయాక ఈ ఇంట్లోనే ఉంటున్నాను. మళ్ళీ గ్యాసు పెట్టించుకుందామని."

వేరేవాణ్ణి పిలుచుకోమని చెబుదామనుకున్నాను. ఎప్పుడు రమ్మంటారమ్మా అన్నాను.

"పొద్దున ఆరుకల్లా రాగలరా?" అంది. "మీకు కూడా వినబడుతుందేమో చూడాలి."

"ఏం వినబడాలమ్మా?"

"రండి, మీకే తెలుస్తుంది."

వెళ్ళాను. చూస్తే నలభై ఏళ్ళ మనిషి. తండ్రి పోయేనాటికి తొమ్మిదేళ్ళ పిల్ల. వంటింట్లోంచి నేలమాళిగకి దిగే తలుపు దగ్గర రెండు కుర్చీలు వేసి, నాకు కాఫీ ఇచ్చింది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ తలుపుకి గడియ. ఈ ముప్పై ఒక్క ఏళ్ళూ వాళ్ళు కరెంటు పొయ్యిలతోనే చలి కాచుకున్నారు.

"అమ్మ రోజూ ఈ వేళకి ఇక్కడొచ్చి నిలబడేది," అంది బెర్నడెట్. "స్కూల్లో నన్ను అగ్గిపుల్ల అని పిలిచేవాళ్ళు తెలుసా? అగ్గిపుల్లా, మీ నాన్న తాగొచ్చాడా అని. ఆ సీసాల్లో ఉన్నది నాన్న నాకోసం కాచిన తీపి సోడా అండీ. ఎవరికి చెప్పినా నమ్మితేగా! పోయిన వసంతంలో అమ్మ పోయేముందు నా చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగింది, ఆ రోజు ఆయన నిజంగా తాగాడంటావా అని. నాకు తెలీదమ్మా అన్నాను. అంతకన్నా నాకేం తెలుసు? మీరు పైపులు తెలిసినవాళ్ళు. గ్యాసు తరవాత పెడుదురుగాని. ముందది చూసి చెప్పండి. నాన్న తప్పో కాదో. ఏదైనా సరే, తట్టుకుంటాను."

నేను గోడ గడియారం కేసి చూశాను. ఆరూ పది.

తలుపు అవతల, కింద, గరుకు పెట్టెమీద పుల్ల గీసిన చప్పుడు. ఆగింది. మళ్ళీ గీత. ఆగింది. మూడోది.

"చేతులు వణికేవిగా," అంది నెమ్మదిగా. "నాన్నకి ఎప్పుడూ మూడు పుల్లలు పట్టేవి. వినబడిందా మీకు?"

"వినబడింది."

"హమ్మయ్య. పిచ్చిదాన్ని కాదన్నమాట."

గడియ తీసి, పానా, బ్యాటరీ లైటు పట్టుకుని దిగాను. బెర్నడెట్ పై మెట్టుమీదే ఆగిపోయింది. ఆ మెట్లు దిగడం తనవల్ల కాదంది.

నేలమాళిగ చల్లగా ఉంది, మసి ఇంకా గోడల్ని వదల్లేదు. ముందు రాతి స్తంభం కనిపించింది. లైటు పైకెత్తడానికి ఎంతసేపు పట్టిందో నాకే తెలుసు. ఎత్తాను. పైపు అడ్డంగా వచ్చి, టీలో ఇటు దూరి అటు పోయింది. కింద నా కాలు వేలాడుతోంది. చక్కగా, బుద్ధిగా.

మూతకి పానా వేసి విప్పాను. అరచెయ్యి కింద పట్టి తట్టాను. ఏమీ రాలేదు. వేలు పెట్టి లోపలంతా తిప్పాను. వేలికి నూనె జిడ్డు తప్ప ఇంకేం అంటలేదు. ఒక చలికాలం పొడుగునా గ్యాసు మోసిన పైపండీ! ఏ ఇంట్లో విప్పినా చెంచాడు చెత్తన్నా పడుతుంది. ఇది కొట్లో కొన్ననాడు ఎలా ఉందో అలాగే ఉంది.

టీ కిందనుంచి ఆ ముక్కని కూడా మూతతో సహా ఊడదీసి జేబులో పెట్టుకున్నాను. తరవాత ఫర్నేసు వాల్వు దగ్గర జాయింటు విప్పాను. గుప్పెడు తుప్పు జలజలా బూట్లమీద రాలింది. ఆ రజనే చిన్న మంటకి గ్యాసు అందనివ్వకుండా పదే పదే ఆర్పేసింది. ఆ రజనే వాల్వు మూతకింద ఇరుక్కుని, కట్టేసినా గ్యాసు కారేలా చేసింది. ముక్కు పనిచెయ్యని మనిషి పాపం, పుల్ల తీసుకుని దిగాడు.

నా దొంగ బుద్ధి అప్పుడు కూడా ఊరుకోలేదు. బండిలో పాత కాళ్ళలోంచి దులిపిన చెత్త కాఫీ డబ్బా నిండా ఉంది. కాస్త తెచ్చి ఈ ముక్కలో పోసి చూపిస్తే సరి. ఇదిగోనమ్మా, కాలు దాని పని అది చేసింది, మిగతాది దేవుడికెరుక అనొచ్చు. రెండేళ్ళలో పని మానేసేవాణ్ణి, ఇప్పుడీ గొడవంతా ఎందుకు అనిపించింది. నిజంగా అనిపించింది. బండికేసి పోదామని వెనక్కి తిరిగాను.

చెవి పక్కనే గీసినట్టయింది. మంట లేదు, వెలుగు లేదు. గంధకం వాసన మాత్రం ముక్కుపుటాలకి తగిలింది. రెండో గీత. మూడోది. "ఎమిల్, వద్దయ్యా, గియ్యకు," అన్నాను పైకే. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట ఆ మనిషితో అనాల్సిన మాట అది.

"ఎవరితో మాట్లాడుతున్నారు?" పైనుంచి బెర్నడెట్ గొంతు. "ఏముంది అందులో?"

మెట్ల దగ్గరికి వచ్చాను. "నాలుగు మెట్లు దిగమ్మా. చెయ్యి పట్టు."

గోడ పట్టుకుని దిగింది. పైపు ముక్క అందించాను. బోర్లించి చూసింది, అరచేత్తో తట్టింది, కన్ను పెట్టి చూసింది.

"ఏమీ లేదుగా?"

"అదేనమ్మా. నిండుగా ఉండాలి. దీన్ని తప్పుగా వేలాడదీశారు, మురికి ఇందులో పడే దారే లేదు. అంతా వాల్వులోకి పోయింది, కట్టినా గ్యాసు కారుతూనే ఉంది. మీ నాన్నే కాదు, ఆ పొద్దున ఎవరు పుల్ల గీసినా అంతే. చుక్క ముట్టని మనిషి గీసినా అంతే."

ఆ ముక్కని రెండు చేతులతోనూ పట్టుకుని నిలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"ఎవరు వేలాడదీశారు?"

"నేనే."

"అప్పుడు విచారణలో మిమ్మల్ని అడగలేదా?"

"కాలు ఉందా అన్నారు. ఉందన్నాను."

"ఇది తప్పని మీకెప్పుడు తెలిసింది?"

ఇప్పుడే అనొచ్చు. అది కూడా సగం నిజమే. ఆ పిల్ల మొహం చూశాక సగం నిజాలు చెప్పే ఓపిక పోయింది. "అనుమానమొచ్చి ఇరవై మూడేళ్ళయింది," అన్నాను.

లెక్కపెడుతున్నట్టు పెదాలు కదిలాయి. "మా అమ్మ మొన్న వసంతంలో పోయింది," అంది.

తిరిగి నాలుగు మెట్లూ ఎక్కింది. తలుపు బార్లా తీసి, గుమ్మంలో నిలబడి కిందికి పిలిచింది. నన్ను కాదు. నా తలమీదుగా, ఫర్నేసు ఉన్న మూలకి.

"నాన్నా! నీ తప్పేం లేదట. మంట సంగతి వదిలెయ్యి. పైకొచ్చెయ్, కాఫీ చల్లారిపోతోంది."

నా వెనకాల అగ్గిపెట్టె బల్లమీద పెట్టిన చప్పుడైంది. వెనక్కి తిరిగి చూడడానికి నాకు ధైర్యం చాల్లేదు. మెట్లకి అడ్డంగా నిలబడ్డానని తెలిసి, గోడకి ఒత్తుకుని దారిచ్చాను. మూడో మెట్టు కిర్రుమంది. తరవాత ఏడోది.

నేను కూడా వెనకే ఒక కాలు మెట్టుమీద వేశాను.

"నువ్వక్కడే ఉండు," అంది బెర్నడెట్. అప్పటిదాకా మీరు మీరు అన్న పిల్ల. కోపంగా కూడా కాదు, మామూలుగానే అంది.

వేసిన కాలు వెనక్కి తీసుకున్నాను. పైన బీరువా తలుపు తీసి, కప్పులు బల్లమీద పెట్టడం వినబడింది. రెండు కప్పులు. రెండోది నాకు కాదు.