ఊరికే నిలబడేవాడు

“కీడెంచి మేలెంచమన్నారురా. ఇవాళ గుంతలోకి దిగమంటే కడుపునొప్పని చెప్పెయ్,” అంది తల్లి, అన్నం డబ్బా మూత బిగిస్తూ.

కొడుకు తాడు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

మురుగు గుంతలోకి ఒకడు దిగితే, వాడి నడుముకు కట్టిన తాడు పట్టుకుని ఇంకొకడు పైన నిలబడాలి. పైవాడు లాగితే కిందివాడు తిరిగి లాగాలి. లాగలేదంటే ఊపిరాడలేదన్నమాట. పోయిన వానల్లో స్పృహ తప్పిన కొడుకును అలా పైకి లాగి బతికించింది ఆమె తమ్ముడే. ఆ తమ్ముణ్ణి నగర కౌన్సిల్ నెల కిందట ఇంటికి పంపేసింది. ఊరికే నిలబడేవాడికి జీతమెందుకు, పాలనా ఖర్చు తగ్గించాలి కదా అన్నారు. అదే సమావేశంలో, అదే నోటితో, ఇరవై మంది సభ్యులను ముప్పై మంది చేసుకున్నారు.

ఆమె ఊడ్చేది ఆ కౌన్సిల్ హాలే. ఇవాళ పదిమంది కొత్తవాళ్ళ ప్రమాణం. కొత్త తోలు కుర్చీల మీది ప్లాస్టిక్ ఒలుస్తుంటే గుమాస్తా హెచ్చరించాడు.

“గీతలు పడనీకమ్మా. ఒక్కోటి నీ మూడు నెలల జీతం.”

“అంత విలువైనవైతే ఓట్లు వీటికే వేసేవాళ్ళం కదా బాబూ!”

గుమాస్తా నవ్వు ఆపుకుంటుండగా గుప్పున కంపు కొట్టింది. గేటు ముందు మురుగు పొంగింది. ఆమె చీపురు పడేసి పరుగెత్తింది.

మూత తీసిన గుంత అంచున కొడుకు నిలబడి ఉన్నాడు. మెట్ల మీద కొత్త సభ్యులు పూలదండలతోనే ముక్కులు మూసుకున్నారు.

“దిగరా, ముహూర్తం మించిపోతోంది!” అని మేస్త్రీ కసిరాడు.

“తాడెవరు పడతారయ్యా?” అందామె.

“ఆ స్తంభానికి కట్టుకోమను.”

“స్తంభం నా బిడ్డను పైకి లాగుతుందా?”

“నువ్వెళ్ళి కుర్చీలు తుడుచుకో. ఏరా, దిగుతావా, ఉద్యోగం ఊడగొట్టమంటావా?”

కొడుకు నల్లటి నీళ్ళకేసి చూశాడు. మెట్లకేసి చూశాడు. పొంగిన మురుగు మొదటి మెట్టును తాకింది. ఒక పట్టుచీర కుచ్చిళ్ళు పైకి లేచాయి. ఉద్యోగం పోతే పొయ్యి వెలగదని ఆమెకు తెలుసు. పొద్దున నేర్పిన కడుపునొప్పి మాటే చెప్పరా అని కళ్ళతోనే బతిమాలింది.

కొడుకు తన నడుముకు కట్టుకున్న తాడు రెండో కొసను మెట్ల వైపు చాచాడు.

“ఊరికే నిలబడేవాడు వద్దని మామను తీసేశారు కదండీ. మరి అక్కడ పదిమంది ఊరికే నిలబడ్డారు. ఒకరొచ్చి పట్టుకోండి. అప్పుడు దిగుతా.”