జానెడు ఉక్కు

మేస్త్రి లోహాన్ని కంటితో కాక వేలితో చూసేవాడు. పాత లారీలను అంగాంగంగా విడదీసి, తుప్పు వదిలించి, మళ్లీ వాటికి ప్రాణప్రతిష్ఠ చేయడం నలభై ఏళ్లుగా ఆయన వృత్తి. ఉదయం ప్రార్థన ముగించి షెడ్డులో అడుగుపెట్టగానే, ఆనాటి పని ఏ భాగం మీదనో ఆ భాగంపై కళ్లు మూసుకొని కుడిచేతి మధ్యవేలిని మెల్లగా నడిపించేవాడు. గరుకు తగిలిన చోటల్లా సుద్దముక్కతో సున్న చుట్టేవాడు. సున్న చుట్టిన ప్రతి గుంటనూ లప్పంతో నింపి, గరుకు కాగితంతో రుద్ది, అద్దంలా నునుపు చేసేదాకా ఆయనకు తిండి సహించేది కాదు. బయటికి కనబడని అడుగుభాగానికి ఇంత శ్రమ ఎందుకని ఎవరైనా అడిగితే, “చూసేవాడు పైన ఉన్నాడు” అని ఆకాశం వైపు వేలు చూపేవాడు.

ప్రస్తుతం షెడ్డులో ఉన్నది ముక్కు పొడవైన ఒక పాత లారీ. దాన్ని ఒకప్పుడు నడిపిన డ్రైవరుకు ఒక్కతే కూతురు. ఊళ్లో పిల్లలకు లెక్కలు చెప్పే టీచరమ్మ. తండ్రి పోయిన పన్నెండేళ్లకు, ఎవరి దొడ్లోనో కోళ్లగూడుగా మిగిలిన ఆ బండిని వెతికి కొని, ఎత్తించుకొని వచ్చింది. “నాన్న నడిపిన దారిలో ఇది ఒక్కసారి నడవాలి మేస్త్రిగారూ, ఆ తర్వాత ఆగిపోయినా నాకు బాధ లేదు” అన్నది. ఆ మాటతోనే మేస్త్రి పనికి ఒప్పుకున్నాడు.

ఆ షెడ్డుకు రోజూ వచ్చే మనిషి మరొకడున్నాడు; మేస్త్రి భార్యకు స్వయానా తమ్ముడు. పోలీసు శాఖలో ముప్పయ్యొక్క సంవత్సరాలు పనిచేసి హెడ్ కానిస్టేబులుగా విరమించినవాడు కాబట్టి అందరూ అతణ్ణి హెడ్డు అనేవారు. పొద్దున్నే ఫ్లాస్కులో టీ పట్టుకొని వచ్చి, లారీలోంచి ఊడదీసిన సీటు మీద కూర్చొని, న్యాయశాస్త్రం మొదలుపెట్టేవాడు.

“చట్టమంటే జనానికి భయం పోయింది బావా.”

“మాకెప్పుడూ ఉంది. లేనిది మీవాళ్లకే.”

“అదేం మాట?”

“రోడ్డు మీద పాత బండి కనబడితే మీవాళ్ల చెయ్యి దానంతటదే అడ్డం లేస్తుంది. నల్లద్దాల కారు కనబడితే అదే చెయ్యి నుదుటి దగ్గరికి పోతుంది.”

“నా సర్వీసులో ఒక్క నల్లద్దాల కారుకీ నేను సెల్యూట్ కొట్టలేదు.”

“అందుకేగా హెడ్డుగానే ఇంటికొచ్చావు!”

లోపలినుంచి మేస్త్రి భార్య నవ్వు వినిపించేది. హెడ్డు కూడా నవ్వేవాడు గాని, ఓటమి ఒప్పుకొనేవాడు కాడు. “నవ్వు అక్కా, నవ్వు. ఎవరి మొహమూ చూడకుండా రాస్తేనే అది కేసు. మొహం చూసి రాస్తే పెళ్లిపిలుపు” అనేవాడు.

ఇలా సాగుతున్న రోజుల్లోనే మేస్త్రి మనసులో ఒక ముల్లు దిగింది.

లారీ అడుగుచట్రమైన ఛాసిస్‌కు కుడివైపు దూలం ముందుభాగాన, వెనకటి యజమాని ఎవరో బలానికని ఒక ఇనుప పలకను బోల్టులతో బిగించాడు. దాన్ని ఊడదీసిన మధ్యాహ్నం మేస్త్రి భోజనానికి ఇంట్లోకి వెళ్లి, చేయి కడుక్కుంటూ కిటికీలోంచి చూశాడు. హెడ్డు ఆ దూలం పక్కన మోకాళ్ల మీద కూర్చొని ఉన్నాడు. ఒక చేతిలో టార్చి. రెండో చెయ్యి దూలం మీద ఏదో గబగబా రుద్దుతోంది. అంతలో ఒక కాగితం మడత పడి చొక్కా జేబులోకి పోయింది.

మేస్త్రి తడిచేతితోనే బయటికి వచ్చాడు.

“ఏం చేస్తున్నావక్కడ?”

హెడ్డు ఉలిక్కిపడి లేచాడు. “ఏం లేదు బావా. కళ్లజోడు పడితే వెతుక్కుంటున్నా.”

కళ్లజోడు అతని ముక్కు మీదే ఉంది.

మేస్త్రి మరేమీ అడగలేదు. అడగని ప్రశ్న మనిషిలో ఊరికే ఉండదు. విత్తనంలా లోలోపలే మొలకెత్తుతుంది. ఆనాటి నుంచి హెడ్డు వేసే ప్రతి ప్రశ్నా ఆయనకు విచారణలా వినిపించసాగింది. ‘ఈ ఇంజను ఎక్కడిది బావా?’ అంటే ఎందుకడుగుతున్నాడు? ‘పాత ఇనుము కొట్టువాడు రసీదు ఇస్తాడా?’ అంటే ఎవరికి చెప్పడానికి? అల్లం వేసిన టీ సైతం నాలుకకు వగరుగా తగిలింది.

పలక తీసిన చోట వేలు నడిపితే బాగా గరుకు తగిలింది. మేస్త్రి మామూలుగానే సున్నలు చుట్టి, గ్రైండరుతో పైపైన తుప్పు లేపి, లప్పం నింపి, రుద్ది, నల్లరంగు కొట్టాడు. ఆ మరునాడు హెడ్డు వచ్చి అక్కడ చాలాసేపు నిలబడ్డాడు. నునుపైన ఆ జానెడు ఉక్కును చూసి, మేస్త్రి ముఖం చూసి, వెళ్లి సీటు మీద కూర్చున్నాడు. ఆనాడు న్యాయశాస్త్రం లేదు.

రెండు వారాల తర్వాత రవాణా కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. మేస్త్రి చూపు నేరుగా నడిమి పేరాలో పడింది: శుక్రవారం ఉదయం పది గంటలకు అధికారి వచ్చి ఛాసిస్ కుడి దూలం ముందుభాగాన చెక్కిన నంబరును పరిశీలిస్తారు, నంబరు లేకపోయినా, చెరిపినట్లు తేలినా, బండిని స్వాధీనం చేసుకొని, షెడ్డుకు సీలు వేసి, బాధ్యుడిపై కేసు నమోదు చేయిస్తారు. ఆపై చదవడానికి ఆయన కళ్లు సహకరించలేదు.

ఇంజను గదిలో రివెట్లతో బిగించిన రేకు మీది నంబరును కాగితాలతో సరిచూసుకొని, అంతటితో సరిపోయిందనుకున్నాడు తాను. దూలం మీద కూడా ఒకటి ఉంటుందన్న ఊహ పలక కిందే మరుగున పడింది. వేలితో ఆ చోటు తడిమి చూశాడు. నునుపు. అప్పుడు జ్ఞాపకం వచ్చింది, ఆనాడు తాను చుట్టిన సుద్ద సున్నలు పదకొండని. పదకొండూ దారం పట్టి గీసినట్లు ఒకే వరుసలో ఉన్నాయని. తుప్పు ఎక్కడైనా వరుస కట్టి పడుతుందా? నలభై ఏళ్లుగా తన గర్వమైన వేలు అంకెలను గుంటలని చదివింది.

లప్పం గీకి చూద్దామా అని ఉలి చేతిలోకి తీసుకొని, మళ్లీ దించాడు. అధికారి రాకముందే గీకితే, అక్కడ కొత్తగా నంబరు చెక్కుకున్నానంటారు. పైగా గ్రైండరు ఆడించిన చోటు. అంకెలు మిగిలాయో లేదో దేవుడికే ఎరుక.

“ఎవరో రాసి ఉండాలి,” అన్నాడు భార్యతో. “ఊరికే రావు ఇలాంటివి.”

“ఎవరు రాస్తారండీ?”

“టార్చి వేసి చూసినవాడు.”

ఆమె ముఖం వాడిపోయింది. “వాడు నా తమ్ముడండీ.”

“హెడ్డు కూడానూ.”

ఆ రాత్రంతా మథనపడి, మేస్త్రి ఒక ఉపాయం పన్నాడు. మరునాడు హెడ్డు టీ పోస్తుండగా, తలెత్తకుండా అన్నాడు: “ఊరి బయట ఇనుము కొట్టు వెనకాల కాగితాల్లేని ఛాసిస్ ఒకటి దొరికింది. ఎవరిదో అడక్కూడదన్నాడు వాడు. ఆదివారం చీకటితో తెచ్చి, వెనకగదిలో పెట్టి తాళం వేస్తా.”

ఇది పచ్చి అబద్ధం. ఇన్నేళ్లలో పని విషయంలో ఆయన ఆడిన మొదటి అబద్ధం. హెడ్డు ద్రోహి అయితే ఆదివారం పోలీసులు రావాలి, ఖాళీగది చూసి పోవాలి. అప్పుడు నిజం తేలుతుంది.

హెడ్డు చేతిలో గ్లాసు ఆగింది. “నవ్వులాటకా, నిజంగానా?”

“నీతో నవ్వులాటేంటి?”

సగం తాగిన టీ కింద పెట్టి, ఫ్లాస్కు సైతం మరచి, హెడ్డు వెళ్లిపోయాడు. మూడు రోజులు రాలేదు. ఖాళీ సీటును చూసినప్పుడల్లా మేస్త్రి అనుమానం మరొక మెట్టు ఎక్కింది. ‘తప్పు చేయనివాడైతే ఎందుకు దాక్కుంటాడు?’

శుక్రవారం పదింటికి అధికారి వచ్చాడు. టీచరమ్మ అంతకుముందే వచ్చి లారీ ముక్కు మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. అధికారి వెనకే, ఇస్త్రీ చొక్కాతో, హెడ్డు. మేస్త్రికి ఒళ్లు మండింది. ‘పట్టించడానికి స్వయంగా వచ్చాడు!’

అధికారి దూలం మీద టార్చి వేశాడు. తడిమాడు. ముఖం ముడుచుకున్నాడు.

“ఇక్కడ నంబరు ఉండాలి.”

“ఉండేది సార్,” అన్నాడు మేస్త్రి.  “తుప్పు గుంటలనుకొని నేనే నింపేశాను.”

“నలభై ఏళ్ల మేస్త్రికి తుప్పుకీ నంబరుకీ తేడా తెలియలేదా? రోజుకి పదిమంది చెబుతారు నాకీ కథ.” అధికారి సంచిలోంచి స్వాధీనపు పత్రం తీశాడు. టీచరమ్మ చెయ్యి లారీ మీదనుంచి జారిపోయింది.

“ఒక్క నిమిషం సార్.”

మాట్లాడినది హెడ్డు. జేబులోంచి ఒక మడతకాగితం తీసి విప్పాడు. కాగితాన్ని అంకెలపై ఆనించి పెన్సిలుతో రుద్దితే పడే అచ్చు అది: పదకొండు అక్షరాంకెలు, బూడిదరంగు నేల మీద తెల్లగా. మూలన తేదీ, సంతకం.

“ఉత్తరం సంగతి అక్క చెబితే తెచ్చాను సార్. పలక ఊడదీసిన రోజు తీసింది ఇది. నంబరు కనబడితే అచ్చు తీయడం సర్వీసులో అలవాటు. ఇంట్లో ఇలాంటివి మూడు పెట్టెలుంటే అక్క తిట్టి బయట పారేయించింది. అందుకే ఆరోజు కళ్లజోడని అబద్ధమాడాను.”

“మీరేమవుతారు ఈయనకి?”

“బావమరిదిని.”

“అయితే ఈ కాగితం ఎందుకు నమ్మాలి?”

“నమ్మొద్దు సార్,” అన్నాడు హెడ్డు తడుముకోకుండా. “నేనైనా నమ్మను. మీ కళ్ల ముందే గీకించండి. కాగితంలో ఐదో అంకె మీద ఏటవాలుగా ఒక గీటుంది, పాతకాలంలో ఉలి జారినట్టు. ఉక్కు మీద కూడా ఆ గీటుంటేనే నా కాగితం నిజం.”

అధికారి తల ఊపాడు.

మేస్త్రి తన చేతులతోనే ఆ నల్లరంగు మీద ద్రావకం పోశాడు. తీగల బ్రష్షు పట్టి, తాను మూడు రోజులు రుద్దిన నునుపును తానే చెరిపాడు. లప్పం ముద్దలుగా రాలింది. ఒక అంకె కనబడింది. మరొకటి. మూడోది గ్రైండరుకు సగం అరిగిపోయింది. అధికారి కనుబొమలు లేచాయి. నాలుగోది స్పష్టం. ఐదోదాని మీద, వెంట్రుక మందాన, ఏటవాలుగా గీటు.  పదకొండూ బయటపడ్డాక అధికారి కాగితాన్ని ఉక్కు పక్కన పెట్టి, బండి పుస్తకం తెరచి, మూడింటినీ వేలితో ఒక్కొక్క అంకెగా పోల్చాడు.

“సరిపోయాయి. ఈ జానెడు చోటు మీద ఇక రంగు వేయకూడదు. ఇలాగే ఉండాలి.”

“గుంటలతోనా?” అన్నాడు మేస్త్రి అప్రయత్నంగా.

“గుంటలతోనే.” అధికారి తనిఖీ పత్రం మీద ముద్ర వేసి టీచరమ్మకిచ్చాడు. “మీరు దరఖాస్తు పెట్టబట్టి వచ్చాను. పెట్టకుండా రోడ్డెక్కించి ఉంటే బండి ఈపాటికి మా ఆవరణలో ఉండేది.”

మేస్త్రి అప్పుడు ఉత్తరాన్ని మొదటినుంచి చదివాడు. ‘యజమానురాలి దరఖాస్తు మేరకు’ అని తొలి పంక్తిలోనే ఉంది. టీచరమ్మ తల వంచుకుంది. “మీకు ముందే చెప్పాల్సింది మేస్త్రిగారూ. చిన్న పనేగా అనుకున్నాను.”

వాళ్లు వెళ్లిపోయాక షెడ్డులో బావా బావమరుదులే మిగిలారు.

“నింపేశానని చూసి కూడా ఎందుకు చెప్పలేదురా?”

“ఇవాళ సార్ ముందు నువ్వు ఒప్పుకొనేదాకా కావాలనే చెరిపావనుకున్నా. సర్వీసంతా అలా చెరిపినవాళ్లనే పట్టుకున్నా బావా. నీ అంతట నువ్వే చెబుతావని ఎదురుచూశా. చెప్పలేదు. పైగా ఇంకో ఛాసిస్ అన్నావు.” హెడ్డు రెండో జేబులోంచి మరొక కాగితం తీసి ఇచ్చాడు. “ఇది కూడా చదువు.”

అది స్టేషను అధికారికి రాసిన ఫిర్యాదు. మేస్త్రి పేరు, షెడ్డు గుర్తులు, ఆదివారం, వెనకగది. ‘సదరు వ్యక్తి నా తోబుట్టువు భర్త’ అని కూడా ఉంది. చివర సంతకం.

“ఇచ్చేవాడివా?”

“ఆదివారం నువ్వు దాన్ని తెస్తే, ఇచ్చేవాణ్ణి.”

“అక్క మొహం చూసి కూడా?”

“అక్క మొహం చూసే మూడ్రోజులు ఆగాను.”

మేస్త్రి కాగితం తిరిగి ఇచ్చేశాడు. ఎంత వెదికినా ఆయనలో కోపం దొరకలేదు. “ఛాసిసూ లేదు, ఏమీ లేదు. నువ్వు నా మీద రాశావేమోనని, నిన్ను పరీక్షిద్దామని అన్నాను. భగవంతుడి ముందు నాదే తప్పు.”

 హెడ్డు చెయ్యి చాపాడు.

“వెనకగది తాళంచెవి ఇవ్వు.”

మేస్త్రి మొలతాడుకున్న తాళంచెవి విప్పి ఇచ్చాడు. హెడ్డు టార్చి వెలిగించుకొని వెళ్లాడు. మేస్త్రి దూలం పక్కన కూర్చొని, కళ్లు మూసుకొని, బయటపడ్డ అంకెల మీద వేలు నడిపాడు. ఒకటి, రెండు, అరిగిన మూడోది, నాలుగు, గీటు పడ్డ ఐదు. పదకొండు గుంటలు. నింపకూడనివి.

హెడ్డు మోకాళ్లకు దుమ్ము అంటించుకొని తిరిగి వచ్చాడు. “లేదు” అన్నాడు. ఫిర్యాదును మడిచి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

“చించవా?”

“ఆదివారం పోనీ బావా.”

మేస్త్రి ఇంటివైపు తిరిగి, టీ పెట్టమని భార్యను కేకేశాడు. ఇద్దరికి.