పూజలో పెట్టిన బెల్టు

పాపయ్య నడుం విరిగి ఆసుపత్రిలో పడి ఉన్నాడు. బయట వరండాలో మేనేజరు ఓంకార్, పాపయ్య తోటి మెకానిక్ కృష్ణప్పకు కాఫీ ఇప్పించి మరీ పాఠం చెబుతున్నాడు.

"ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ మేడమ్ వస్తోంది. సింపుల్‌గా చెప్పు. బెల్టు ఇచ్చాం, పాపయ్యే వేసుకోలేదు."

"అట్ల చెప్తే వాని గతేమి సార్?"

"కంపెనీ చూసుకుంటుందిలే."

కృష్ణప్ప కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాడు. నిన్న ఆయుధపూజ. బొమ్మసంద్రలోని వాళ్ల ఫ్యాక్టరీ షెడ్డులో పనిముట్లతో పాటు, ఎత్తెక్కేవాళ్లు కట్టుకునే సేఫ్టీ బెల్టులకూ కుంకుమ పెట్టి బల్ల మీద పేర్చారు. పూజలో పెట్టినవి మరునాటి దాకా ముట్టకూడదు. హారతి ఆరకముందే పైనున్న క్రేను మొరాయించింది. క్రేనుతో సరుకెక్కించాల్సిన లారీ గేటు దగ్గర ఒకటే హారను. ఓంకారే బల్ల మీంచి స్పానరు తీసి, కళ్లకద్దుకుని పాపయ్య చేతికిచ్చాడు.

"బెల్టు సార్?"

"పూజలో ఉంది కదయ్యా, అపచారం! చిన్న పనేగా, ఎక్కు."

ఎక్కాడు. గ్రీజు మీద కాలు జారింది.

లోపల పాపయ్య పళ్లు బిగించి మూలుగు ఆపుకుంటున్నాడు. నర్సు మార్త తడిదూదితో అతని పెదవులు అద్దుతూ, "గట్టిగానే అరువప్పా, ఎవురూ ఏమీ అనుకోరు" అంది. ఆ ఒక్క మాటకు వరండాలో కృష్ణప్ప కళ్లు చెమర్చాయి.

ఇన్‌స్పెక్టర్ రమ్య రాగానే ఓంకార్ ముందుకొచ్చాడు. "మావాడే చెబుతాడు మేడమ్."

కృష్ణప్ప లేచాడు. "బెల్టు ఇయ్యలేదమ్మా. వాడు అడిగినాడు. పూజలో ఉండాది, ముట్టకూడదనిరి."

"వర్కర్ల సెంటిమెంటే మేడమ్..."

"సరే, మాదే సార్! స్పానరూ ఆ బల్ల మీదే ఉండె కదా? దానికీ కుంకుమ పెట్టింటిమి కదా? లారీ కోసరం దాన్ని మీ చేత్తోనే తీస్తిరే, అప్పుడు దేవునికి కోపం రాలేదా? మనిషి పానానికి అడిగితేనే అడ్డమొచ్చెనా మీ అపచారం?"

వరండాలో జనం తలలు తిప్పారు. ఓంకార్ పళ్లు కొరికాడు. "రేపు డ్యూటీకెలా వస్తావో చూస్తా."

"ఆ మాట నేనూ విన్నాను," అంది రమ్య. "కూర్చోండి కృష్ణప్పా, మొదట్నుంచి చెప్పండి."

"ఈడ వద్దమ్మా. లోపలికి రండి, పాపయ్య వినేట్టు చెప్తా. తప్పంతా తనదేనని వాడు పొద్దుట్నుంచి ఏడుస్తా ఉండాడు."