తెల్లవారుజామున లేచే కంప్యూటర్

నరహరి పోయి మూడు నెలలు దాటింది. అయినా రోజూ తెల్లవారుజామున, అయిదుంపావుకి, ముందు గదిలో అతని కంప్యూటర్ దానంతట అదే లేచేది.

సంధ్య పక్కమీద నుంచే వినేది. ముందు ఫ్యాను గిర్రుమనేది, తర్వాత చిన్న బీప్. పగలు వేసి చూసినప్పటిలాగే తెర మీద చుక్కలు గుండ్రంగా తిరిగి తిరిగి, తెరంతా నీలమై, ఠక్కున ఆరిపోయేది. మళ్లీ గిర్రుమనేది. మళ్లీ ఆరిపోయేది. అందని ఊపిరి కోసం ఎవరో పెనుగులాడుతున్నట్టుండేది ఆ చప్పుడు. మరికల్ దగ్గర లారీ గుద్దిన రోజు, దవాఖానకు తీసుకెళ్తుంటే నరహరి ఊపిరి అచ్చం అలాగే కొట్టుకుంది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

నరహరి నారాయణపేట చీరల అంచులకు కంప్యూటర్ మీద నమూనాలు గీసేవాడు. పక్కన కూర్చుని సంధ్య కూడా కొంత నేర్చుకుంది. ఆ పని తను అందుకుంటే ఇల్లు గడుస్తుంది. కానీ నమూనాలన్నీ ఆ డబ్బాలోనే ఉన్నాయి, అదేమో తెరుచుకోదు.

అంతకన్నా భయపెట్టే సంగతి ఇంకొకటుంది. పడుకునే ముందు గోడ మీది స్విచ్చి తన చేత్తోనే ఆపేది. తెల్లారి చూస్తే వేసి ఉండేది. ఇంట్లో ఉన్నది తనూ, అత్త మల్లమ్మా. మల్లమ్మ ఆ కంప్యూటర్‌ను ఎన్నడూ ముట్టి ఎరగదు.

"అత్తమ్మా, పొద్దుగాల నీకేమన్న సప్పుడు ఇనొస్తాందా?" అని ఒకరోజు అడిగింది.

"నాకేం ఇనొస్తది బిడ్డా" అని మల్లమ్మ రాట్నం మీద పట్టునూలు కండెలు చుడుతూ ముఖం తిప్పుకుంది.

ఆ మధ్యాహ్నమే సంధ్య, బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే కోమలను పిలిపించింది. కోమల డబ్బా మూత విప్పింది. లోపలంతా పట్టుపోగుల నూగు. ఊది శుభ్రం చేసినా మళ్లీ నీలం తెరే వచ్చింది. అప్పుడు రెండు ర్యామ్ ముక్కలూ పీకి, ఒక్కోటే పెట్టి చూసింది. మొదటిదానితో ఎప్పటిలాగే పడిపోయింది. రెండోదానితో చుక్కలు తిరిగి ఆగాయి. తెర తెరుచుకుంది.

"గీ ర్యామ్ కరాబైందక్కా. గందుకే నడుమల్నె పడిపోతాంది."

"మరి ఎవలు ముట్టకుంట దానంతట అదే ఎట్ల లేస్తాంది?"

కోమల సెట్టింగులు తెరిచి చూసింది. "అన్ననే టైము పెట్టిండు. రోజు అయిదుంపావుకు ఆన్ కావాలని."

"నేను స్విచ్చి బంద్ చేస్తున్న గదా!"

"బంద్ ఉంటే ఇది లెవ్వదక్కా. ఎవరో ఏస్తున్నరు."

పక్కగదిలో రాట్నం ఆగింది.

"నేనే ఏస్తున్న" అంది మల్లమ్మ గడపలోంచి. "స్విచ్చి ఏసుంటే వాడు లేసే టైముకే లేస్తాందని ఒకపారి సూసిన. లేస్తాంది, పడ్తాంది, మల్ల లేస్తాంది. గట్ల కొట్లాడుతాంటే పక్కన ఎవరన్న ఉండాలె గదా. గందుకే రోజు ఏసి పక్కన కూసుంటున్న. ఆ దినం నేను లేకపోతి."

సంధ్య అక్కడే కింద కూర్చుంది.

"నేనున్న అత్తమ్మా. దారి పొడుగుత ఆయన చెయ్యి ఇడువలే" అంది.

మల్లమ్మ వచ్చి ఆమె చేతిని తన చేతుల్లోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది.

"టైము తీసెయ్యాల్నా అక్కా?" అని కోమల మెల్లగా అడిగింది.

"ఉండనియ్యి."

మర్నాడు చీకటుండగానే అత్తాకోడళ్లిద్దరూ ఆ గదిలో కూర్చున్నారు. ఫ్యాను గిర్రుమంది. బీప్ మోగింది. చుక్కలు తిరిగాయి. మల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తెర ఏ పెనుగులాటా లేకుండా తెరుచుకుని, వెలుగుతూ ఉండిపోయింది. అది పడిపోతుందేమోనని ఆమె చాలాసేపు చూసింది.

"ఇది వాడు కాదు బిడ్డా" అంది చివరికి. అక్కడే చాప మీద ఒరిగి, ఎండ వచ్చేదాకా ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది.

సంధ్య కుర్చీలో కూర్చుని, అతను ఆఖరున దాచిన ఫైలు తెరిచింది. అంచు నమూనా సగందాకా వచ్చి ఆగింది. తర్వాతి గడిలో ఏ రంగు వెయ్యాలనుకున్నాడో ఆమెకు తెలియదు. కాసేపు ఆలోచించి, ఎరుపు నింపింది.