విల్మా చుక్క ఫైళ్ళు

విల్మా లాంపి కంప్యూటర్ ముందు కూర్చుంటే ఆమె మొగుడు ఆర్నేకి ఎప్పుడూ ఒకటే అనుమానం, ఈవిడ పని చేస్తోందా, పియానో వాయిస్తోందా అని. తెర మీద బొమ్మలుండవు, బటన్లుండవు. మౌసునైతే ఏనాడో డ్రాయర్లో పడేసింది. వేలు కదిలితే ఒక కిటికీ తెరుచుకుంటుంది, ఇంకోటి పక్కకి జరిగి చోటిస్తుంది. రెండక్షరాలు కొడితే వాక్యం మొత్తం వచ్చి వాలుతుంది.

"నలుగురూ ఇంట్లో కర్టెన్లు మారుస్తారు. నువ్వేమో ఇరవై ఏళ్ళుగా ఆ నల్ల తెరనే సర్దుతున్నావు" అనేవాడు ఆర్నే.

"కర్టెన్లు కావాలంటే కుట్టుకో. చేతులు బాగానే ఉన్నాయిగా నీకు!"

"నా సంగతి సరే, కింద నా డబ్బా కీబోర్డు పాడై ఏళ్ళయింది. దాన్ని పట్టించుకునే దిక్కు లేదు."

"నీకు ఏ కంప్యూటరైనా పాడైనదే."

అక్కడితో ఆ మాట ఆగిపోయేది. ఆర్నే అమెరికాలో సరస్సు ఒడ్డునున్న డులూత్ రేవులో, ఓడల్ని లాగే టగ్ పడవల ఇంజన్లు చూసి రిటైరైనవాడు. బేస్‌మెంట్లో పనిబల్ల పక్కన ఒక పాత కంప్యూటర్ పెట్టుకుని, మంచు మీద రాళ్ళు జారించి ఆడే కర్లింగ్ క్లబ్బు వాళ్ళకి వారం వారం ఆటల నోటీసు రాసి పంపిస్తుంటాడు. అంతా చిన్నక్షరాల్లోనే ఉంటుంది. పెద్దక్షరాల మీట నొక్కితే, కొట్టిన అక్షరం కాస్తా చెరిగిపోతుందని అతని గోల. "ఏం ఆర్నే, పెద్దక్షరాలంటే నీకు పగా?" అని క్లబ్బులో వేళాకోళం చేసేవారు.

విల్మాది పుస్తకాలకి చివర సూచికలు కట్టే పని. ఏ పేరు ఏ పేజీలో ఉందో వెతికి వరసలో పెట్టాలి. రోజంతా కీబోర్డు మీదే. అలాంటి మనిషికి కీళ్ళవాతం వచ్చింది. కుడిచేతి చిటికెన వేలూ ఉంగరపు వేలూ వంగడం మానేశాయి. డాక్టరు టైపింగ్ మానేయమన్నాడు. ఆవిడ టైపింగ్ మానలేదు, కీబోర్డునే మార్చేసింది. ఆ రెండు వేళ్ళకీ పని లేకుండా ప్రతి మీటకీ కొత్త కొలువు ఇచ్చింది. ఇవాళ ఒకటి, వచ్చే నెల ఇంకోటి, నొప్పి ఎటు జరిగితే అటు.

ఈ సర్దుబాట్లన్నీ చిన్న చిన్న ఫైళ్ళలో ఉంటాయి. ఆవిడ కంప్యూటర్ని నడిపేది లినక్స్ అనే ఉచిత వ్యవస్థ, ఆ లినక్స్ వాళ్ళ ఆచారం ప్రకారం వాటి పేర్ల ముందు ఒక చుక్క ఉంటుంది. చుక్క ఉన్న ఫైలు మామూలుగా కంటికి కనిపించదు. మనవాళ్ళు బిడ్డకి బుగ్గన చుక్క పెట్టేది పరాయి కళ్ళు పడకూడదనే కదా, ఇదీ ఆ బాపతే.

ఫిబ్రవరిలో ఒక పొద్దున విల్మా కంప్యూటర్లో డిస్కు పోయింది. ఆవిడ చెక్కు చెదరలేదు.

"పోతే పోనీ. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే అన్నీ కాపీ చేసి పెడుతున్నా. కొత్తది కొనుక్కొచ్చి పెన్‌డ్రైవ్ గుచ్చితే మధ్యాహ్నానికల్లా నా ఇల్లు నాకొచ్చేస్తుంది."

కొత్తది వచ్చింది. పెన్‌డ్రైవ్ గుచ్చింది. పేర్లన్నీ వరసగా కనబడ్డాయి. ఒకటి తెరిచింది, ఏమీ లేదు. ఇంకోటి తెరిచింది, అదీ అంతే. విల్మా కుర్చీలో వెనక్కి వాలి, ఏమీ మాట్లాడకుండా తెరకేసి చూస్తూ ఉండిపోయింది. ఆర్నేకి భయమేసింది. పెళ్ళాం అరిచినప్పుడు అతనెప్పుడూ భయపడింది లేదు.

విల్మాలాగే లినక్స్ వాడేవాళ్ళ క్లబ్బు నుంచి, అందరూ గిల్ అనే గిల్బర్ట్ బెలాంజర్‌ని పిలిచాడు. కాలేజీలో పాఠాలు చెప్పే కుర్రాడు. కుర్రాడంటే నలభై దాటినవాడే, ఆర్నే లెక్కలో కుర్రాడు. చూడగానే అతనికి విషయం తెలిసిపోయింది.

"అసలు ఫైళ్ళన్నీ విల్మా గారు ఒక్కచోట చక్కగా పెట్టుకున్నారు, పెద్దాయనా. ఎక్కడెక్కడ అవసరమో అక్కడ ‘ఫలానా చోట ఉంది, వెళ్ళి చూసుకో’ అని బోర్డులు పాతారు. మా వాళ్ళలో పద్ధతైన వాళ్ళు చేసే పనే ఇది. కాపీ చేసేటప్పుడు మాత్రం ఆ బోర్డులే కాపీ అయ్యాయి. అవి చూపించే ఊరు డిస్కుతోపాటు పోయింది."

"ఇంత తెలిసిన మనిషి ఇదెలా చేసిందయ్యా?"

"తెలిసినవాళ్ళే చేస్తారు. మా వాళ్ళలో ఈ తప్పు చేయనివాడు లేడు. ఒప్పుకునేవాడూ లేడు."

విల్మా నవ్వలేదు. సరస్సు చేపల మీద లావుపాటి పుస్తకమొకటి సూచిక కోసం ఎదురుచూస్తోంది. కొత్త కీబోర్డు మీద కుస్తీ పట్టింది. వేళ్ళు అలవాటైన చోటికే పోతాయి, అక్కడేమో ఆ పని చేసే మీట లేదు. సాయంత్రానికి చెయ్యి వాచింది. వేడినీళ్ళ గిన్నెలో ముంచుకుని కూర్చుని, చాలా మామూలుగా అంది.

"ఈ పుస్తకం ఎలాగోలా ముగించి మానేస్తాను ఆర్నే. ఇక నా వల్ల కాదు."

 ఆవిడ దేన్నైనా మానేస్తానని అనగా ఆర్నే వినలేదు, పెళ్ళయిన ఇన్నేళ్ళలోనూ.

గిల్ ఊరుకోలేదు. లినక్స్ క్లబ్బు వాళ్ళందరికీ కబురు పెట్టాడు. విల్మా ఫైళ్ళు పోయాయి, ఆవిడ దగ్గర ఎవరెప్పుడు ఏం తీసుకున్నా వెనక్కి పంపండి అని. ఈ జనానికి ఒక అలవాటుంది. ఎదుటివాడి ఫైళ్ళలో నచ్చిన ముక్క ఉంటే మొహమాటం లేకుండా తీసుకుంటారు, కానీ ఫైలు పైన ఎవరి దగ్గర తీసుకున్నారో ఒక వరస రాసుకుంటారు.

శనివారం మాంసం కూరిన పాస్టీలు అమ్మే కొట్టు వెనక గదిలో లినక్స్ క్లబ్బు కూడింది. ఆర్నే ఎప్పుడూ రానివాడు ఆ రోజు వచ్చాడు. గిల్ ఒక్కొక్కటే తెరిచి చూపించసాగాడు. కిటికీలు జరిపే ఫైలు గిల్ దగ్గరే ఉంది. రెండక్షరాలకి వాక్యమిచ్చే ఫైలు విన్నిపెగ్‌లో ఒక పాస్టరు పంపాడు. కళ్ళకి హాయిగా ఉండే రంగుల ఫైలు మార్కెట్ అనే ఊళ్ళోని ఆసుపత్రి నర్సు పంపింది. విల్మా ఆ నర్సు మొహమైనా చూసి ఎరగదు. ప్రతి ఫైలు నెత్తి మీదా ఒకటే మాట ఉంది, ఇది విల్మా లాంపిది అని.

 టగ్ మీద పనిచేసినప్పుడు ఆర్నే, అరువిచ్చిన రెంచీ మీద చెక్కిన పేరుని గీకేసి వాడుకున్నవాళ్ళని చూశాడు. వీళ్ళు, ఎవరూ తెరిచి చూడని చోట, ఏళ్ళ తరబడి ఆవిడ పేరు అలాగే ఉంచారు. ఇన్నాళ్ళూ ఈవిడ ఒంటరిగా గోడకేసి కూర్చుందనుకున్నాడు తను. గర్వంతో అతనికి ఒళ్ళు వేడెక్కింది.

కానీ అసలుది రాలేదు. మీటల ఫైలు. దాన్ని ఎవరూ తీసుకోలేదు. ఎవరు తీసుకుంటారు? అది ఆవిడ చేతికి కుట్టిన చొక్కా.

"గుర్తున్నంత చెప్పండి విల్మా గారూ, మళ్ళీ రాద్దాం" అన్నాడు గిల్.

"నాకెక్కడ గుర్తుంది? వేళ్ళకి తెలుసు." విల్మా కళ్ళు మూసుకుని చేతులు బల్ల మీద పెట్టి ఖాళీగా ఆడించింది. "పెద్దక్షరాల మీట... చెరిపేస్తుంది. స్పేసు మీద బొటనవేలు ఆనించి జె కొడితే కిందికి దిగుతుంది. తర్వాత... అబ్బ, రావట్లేదు."

ఆర్నే నోట్లో పాస్టీ ముక్క అలాగే ఆగిపోయింది.

"ఏమన్నావ్? చెరిపేస్తుందా?"

"అవును."

"కొట్టిన అక్షరం చెరిపేస్తుందా?"

"అవునంటున్నాగా! తిండి నమిలి మాట్లాడు."

"ఏమోయ్ విల్మా, మరి నా డబ్బా చేసేదీ అదేగా! ఏళ్ళ నుంచి మొత్తుకుంటున్నాను!"

గదిలో అందరూ అతనికేసి తిరిగారు. విల్మా నెమ్మదిగా కళ్ళు తెరిచింది.

"నీ తుంటి ఆపరేషన్... ఆ చలికాలం నోటీసులు నేను రాశాను" అంది. "నీ కీబోర్డు మీద చెయ్యి నొప్పెట్టి నా ఫైలు దాంట్లో వేశా. తియ్యడం మర్చిపోయా."

చంకలో బిడ్డని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. ముగ్గురూ మంచులో కారు వేసుకుని ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా బేస్‌మెంట్లోకి దిగారు. గిల్ వెతికాడు. ఫైలు అక్కడే ఉంది, కాస్త పాతదైనా నిండుగా.

"బోర్డు పాతే ఓపిక లేక మొత్తం కాపీ చేసి పడేశా. ఎంత అప్రాచ్యపు పని!" అంది విల్మా.

"ఆ అప్రాచ్యపు పనే మిమ్మల్ని కాపాడింది" అని గిల్ ఫైలు పట్టుకుని పైకి వెళ్ళాడు.

ఆర్నే మాత్రం తెర ముందు నిలబడిపోయాడు. ప్రతి మార్పు పక్కనా ఆవిడ ఎందుకు చేసిందో రాసుకుంది. చిటికెన వేలికి సెలవు. ఉంగరపు వేలికి కూడా. పొద్దున పూట బొటనవేలు మొండికేస్తుంది, మీట కాస్త ఆగి పలకాలి. చలి ఎక్కువైతే ఎడమచెయ్యే దిక్కు. ఇవన్నీ జరుగుతున్నప్పుడు అతను అదే ఇంట్లో ఉన్నాడు, కర్టెన్ల గురించి జోకులేస్తూ. ఆవిడ ఒక్కసారీ నొప్పి అనలేదు. నొప్పి వచ్చిన ప్రతిసారీ కూర్చుని ఒక వరస రాసింది.

పైనుంచి చప్పుడు మొదలైంది. ఆ పియానో చప్పుడే. ఆర్నే మెట్ల కింద నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

కాసేపటికి విల్మా దిగొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"ఇన్నేళ్ళూ నిన్ను ఏడిపించా. ఉండు, నీ కీబోర్డు మామూలుగా చేసిపెడతా."

"దాని మీద చెయ్యి వేశావంటే ఊరుకోను. ఒక కాపీ నా దగ్గర ఉండనీ." ఆర్నే కుర్చీ లాక్కున్నాడు. "పెద్దక్షరం ఎలా కొట్టాలో అది మాత్రం చెప్పు."

"స్పేసు పక్క మీట ఉందే, దాన్ని బొటనవేలితో ఒకసారి తట్టి, తర్వాత అక్షరం."

ఆర్నే తట్టాడు. ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ, ఆ ఫైళ్ళ నెత్తి మీద ఉన్నట్టే, వారం నోటీసు పైన, పెద్దక్షరంతో మొదలుపెట్టి విల్మా అని కొట్టాడు.